ఇరవై ఆరు బారల మోకు

నా చిన్నప్పుడు ఒక శివరాత్రికి మా ఊరి కొలత నేనే. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. మనిషి కొలత ఎలా అవుతాడని అడుగుతారు. నేనప్పుడు నాలుగో తరగతి. ఊరి కొలత అయ్యానని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. మా ఊళ్ళో ప్రభ సామాను దాచే కొట్టు ఒకటుంది. దాని దూలానికి ఇప్పటికీ ఒక వెదురు కర్ర వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు నేను రెండు చేతులూ బారగా చాస్తే ఒక నడిమివేలి కొస నుంచి రెండో నడిమివేలి కొస దాకా ఎంత దూరమో, ఆ కర్ర పొడవు అంత.

మా ఊరు నరసరావుపేటకీ ఎడ్లపాడుకీ మధ్య ఉంటుంది. మా పొలాల్లో ఎక్కడ నిలబడినా కోటప్పకొండ కనిపిస్తుంది. శివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆ కొండ కిందికి ప్రభలు వస్తాయి. ప్రభను చూడనివారు ఇలా ఊహించుకోవచ్చు. వెదురుబొంగులతో, సరుగుడు వాసాలతో కట్టిన ఒక ఎత్తైన చట్రం. కింద వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని నిండా రంగు గుడ్డలు, కాగితం పువ్వులు, అద్దాలు, కరెంటు బల్బులు. ముదురు తాటిచెట్టంత ఎత్తున్న ఆ చట్రాన్ని బండి మీద నిలబెట్టి కొండ దాకా లాక్కుపోవాలి. బాటలో చిన్న గుంట వచ్చినా, గాలి ఒక్కసారి గట్టిగా కొట్టినా అది ఊగుతుంది. పడకుండా ఆపేది మోకులు, అంటే లావాటి తాళ్ళు. ప్రభ మెడకు కట్టిన మోకులను అటూ ఇటూ మనుషులు పట్టుకుని నడుస్తారు. ముందూ వెనకా ఉండేవి చిన్న మోకులు. పక్కలకు ఉండే రెండూ పెద్దవి. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతేనే ప్రభ నిటారుగా నిలబడుతుంది. ఊరి తల కూడా అప్పుడే నిటారుగా నిలబడుతుంది.

మా ఊరి ప్రభ కొండకు వెళ్ళని శివరాత్రి ఊళ్ళో ఎవరికీ తెలియదు. పైరు ఎండిపోయిన ఏడు కూడా పాత గుడ్డలే ఉతికి కట్టి తీసుకెళ్ళారని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ చెప్పేటప్పుడు గొంతులో ఎండిన పైరు గురించి దిగులు కంటే ఉతికిన గుడ్డల గురించి గర్వమే ఎక్కువ వినిపించేది.

కొలతల సంగతి కొంచెం చెప్పాలి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాస్తే జాన. రెండు జానలు ఒక మూర, అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. నాలుగు మూరలు ఒక బార, అంటే రెండు చేతులూ చాచినంత. ఎవరి జానతో కొలిచినా వాళ్ళ బార ఎనిమిది జానలే ఉంటుంది. ఎవరి బారైనా దాదాపు వాళ్ళ నిలువెత్తే ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. అది మా అమ్మకు బాగా తెలుసు. నరసరావుపేట బజారులో పూలు కొనాల్సి వస్తే నలుగురైదుగురు అమ్మేవాళ్ళను దాటుకుంటూ పోయి, అందరికంటే పొడుగ్గా ఉన్న ఆవిడ దగ్గర ఆగేది. మూర ధర అందరి దగ్గరా ఒకటే. మూర మాత్రం ఒకటి కాదు.

పూల విషయంలో అంత తెలివైన ఊరు మోకుల విషయంలో ఆ తెలివి మరిచిపోయింది. అదీ ఈ కథ.

మా ఊళ్ళో రెండు బజార్లు. పై బజారు, కింది బజారు. పై బజారుకు మా పెదనాన్న పెద్ద. ఆరడుగుల మనిషి. గుమ్మాలన్నీ తల వంచి దాటేవాడు. కింది బజారుకు మా మేనమామ పెద్ద. పొట్టిగా, గట్టిగా, నేలలో పాతిన రోలులా ఉండేవాడు. మా అమ్మ పుట్టిన బజారు నుంచి మెట్టిన బజారుకు ఎండు మిరపకాయలు నూరినంత సేపట్లో నడిచి వెళ్ళవచ్చు. కానీ పంచాయతీ ఎన్నికల్లో మా పెదనాన్న వైపు మనిషికీ మా మామ వైపు మనిషికీ పోటీ వచ్చినప్పటి నుంచి ఆవిడ అటు నడవలేదు. నడవద్దని ఎవరూ అనలేదు. వెళ్ళి రమ్మని కూడా ఎవరూ అనలేదు. అంతకుముందు పెదనాన్నా మామా 'బావా' అంటే 'బావా' అనుకుంటూ ఒకే గొడుగు కింద సంతకు వెళ్ళేవారు. ఎన్నికల తర్వాత ఒకరి గురించి ఒకరు 'ఆయన' అనడం మొదలుపెట్టారు. మా అమ్మకు ఆ మాట వినిపించిన రోజున కూరలో ఉప్పు సరిగా పడేది కాదు.

ఆ ఏడు ప్రభ సామాను బయటికి తీస్తే పక్క మోకులు రెండూ ఎలుకలు కొరికేసి ఉన్నాయి. కొత్తవి కావాలి. పై బజారు ఒకటి, కింది బజారు ఒకటి తేవాలని ఊరు తీర్మానించింది. ఒక్కొక్కటి ఇరవై బారలు. ఎవరి బార అని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో ఆనవాయితీ ఏమిటంటే మోకును బజారు పెద్దే స్వయంగా తన చేతులు చాచి కొలవాలి. అది ఆయనకు దక్కే మర్యాద. అలా మా పెదనాన్న తన చేతులతో ఇరవై కొలిచాడు. మా మామ తన చేతులతో ఇరవై కొలిచాడు. ఇద్దరూ నిజాయితీగానే కొలిచారు.

శివరాత్రి రెండు రోజులుందనగా, కళ్ళంలో పడుకోబెట్టి కట్టిన ప్రభను పొద్దున్నే పైకి లేపారు. డప్పులు మోగుతున్నాయి. నేను కళ్ళం గట్టు మీద నిలబడి అమ్మ చెయ్యి పట్టుకుని చూస్తున్నాను. ప్రభ సగానికి పైగా లేచి, కాస్త నిలబడి, మెల్లగా పై బజారు వైపుకు ఒరగడం మొదలుపెట్టింది. కింది బజారు మోకు పొడవు చాలక వాళ్ళు బండికి బాగా దగ్గరగా నిలబడ్డారు. వెనకున్న కొందరికి పట్టుకోవడానికి తాడే అందలేదు. పై బజారు మోకు కొస మాత్రం నేల మీద పాములా పడి ఉంది. డప్పులు ఆగిపోయాయి. అందరూ అరుచుకుంటూ ఎలాగో దాన్ని మళ్ళీ నేలకు దించారు. దించే తొందరలో పైన కట్టిన అద్దం ఒకటి పగిలింది.

అద్దం పగిలిన చప్పుడుతోనే నోళ్ళు లేచాయి.

"ఇరవై బారలని ఒప్పుకుని పదిహేడు బారలు తెస్తే ప్రభ ఒరగదా?" అన్నాడు మా పెదనాన్న, ఎవరి వైపూ చూడకుండా.

"ఎవుడన్నాడు పదిహేడని? నా చేతుల్తో నేనే కొలిశా. ఇరవై అంటే ఇరవై!" అన్నాడు మా మామ. "కొంగ రెక్కలేసుకుని పుట్టింది ఆయన. దానికి నేనేం జేసేది?"

"కొంగైతే ఎగురుద్ది. కోడిపెట్ట రెక్కలు దేనికి, పెంటకుప్ప దాకా ఉరకటానికా?"

కళ్ళం రెండుగా చీలింది. మా మామ భుజం మీది కండువా తీసి దులిపాడు. మా ప్రాంతంలో అది మంచి సూచన కాదు. మా మోకు మేము తీసుకుపోతాం, మీ ప్రభ మీరు నిలబెట్టుకోండి అన్నాడు. తీసుకుపోతే తీసుకుపోండి, ఒక్క మోకుతోనే నిలబెడతాం అన్నారు ఇటువాళ్ళు. ఒక్క మోకుతో ప్రభ నిలబడదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.  అమ్మ అన్నగారు మోకు భుజాన వేసుకుని ఆ కళ్ళం దాటి వెళ్ళిపోతే, ఇక ఈ రెండు బజార్ల మధ్య దారి ఉండదు. నాకు అప్పుడు తెలిసింది ఇంతే: ఈ ఏడు ప్రభ లేదు, నాకు మామ లేడు.

టేపు తెప్పిద్దామని ఒకాయన అన్నాడు. తాపీమేస్త్రీ దగ్గర మంచి టేపు ఉంది. ఆ మాట విన్నా ఎవరూ మేస్త్రీ ఇంటి వైపు కదల్లేదు. టేపు పెడితే ఒక పెద్దమనిషి చెయ్యి కురచని ఊరి ముందు తేలిపోతుంది. మా మామ మొహం ఎర్రబడింది. తగువు తాడు పొడవు గురించి కాదని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఎవరి శరీరం ఊరికి కొలత అన్నదాని గురించి.

అప్పుడు ముందుకొచ్చాడు ఓడ తాతయ్య.

ఆయన మా ఎదురింటాయన. పుట్టింది బందరు దగ్గర. వయసులో ఉండగా సరుకు ఓడల మీద కళాసిగా పనిచేశాడు. పెళ్ళయింది మా ఊరి పిల్లతో. ఓడ దిగిపోయాక అత్తగారి ఊరికే వచ్చి స్థిరపడ్డాడు. కాలువ వదిలితే తప్ప నీళ్ళు కనపడని ఊళ్ళో ఓడ మనిషికి ఏం గౌరవం ఉంటుంది? ఆయన సముద్రం కబుర్లకు అందరూ నవ్వేవాళ్ళు. ఆయన ఏమీ తగ్గేవాడు కాదు. తిమింగలం గురించి మొదలుపెట్టి మీ ఊరి చెరువంత నోరు అనేవాడు. మా ఊరికి చెరువు లేదని ఎవరైనా గుర్తు చేస్తే, అందుకే మీకు ఆ నోరు అంతుపట్టదు అనేవాడు.

ఆ పొద్దున ఆయన నేల మీద పక్కపక్కన పడి ఉన్న రెండు మోకుల వెంట, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కొస నుంచి ఈ కొసకు షికారు పోయినట్టు ఒకసారి నడిచి వచ్చాడు. తగువులో పడి ఎవరూ పట్టించుకోలేదు. నేను చూశాను. ఎందుకు నడిచాడో మాత్రం అప్పుడు తెలియదు.

"ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. ఇద్దరి కొలతా తప్పే," అన్నాడాయన. "మా ఓడ మీద అరవైమందిమి. ఎవడి చేతులు వాడివి. ఎవడి బారతో వాడు లోతు చెప్తే ఓడ పోయి ఇసకదిబ్బ మీద కూర్చుంటది. అందుకని అందరికీ కలిపి ఒకటే బార."

"ఎవురిది ఆ బార?" అన్నాడు పెదనాన్న.

"ఎవరిదీ కాదు. అందుకే అందరూ ఒప్పుకున్నారు. ఇక్కడా అట్టాంటిదే కావాల. పై బజారు బారా వద్దు, కింది బజారు బారా వద్దు."

"రెండు పార్టీలకూ చెందనోడు ఈ ఊళ్ళో యాడున్నాడయ్యా?" అన్నాడు మామ. "కుక్కలు గూడా చీలిపోయినై."

కొందరు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఓడ తాతయ్య గట్టు మీదికి వచ్చి నా జబ్బ పట్టుకుని కిందికి దింపాడు. "రెండిటికీ చెందనోడు లేడు. రెండిటికీ చెందినోడు ఉన్నాడు. ఈడు ఆయనకు తమ్ముడి కొడుకు, ఈయనకు మేనల్లుడు. ఈడి బార పెట్టుకోండి."

"బుడంకాయంత లేడు, ఈడి బారేంది?" అన్నాడు పెదనాన్న.

"చిన్న బారైతే లెక్క పెద్దదొస్తది. ప్రభ మోకు ఇరవై ఆరు బారలుండాల. కొలుద్దాం. కాదన్నోడు ముందు ఈ పిల్లోడిని కాదనాల."

నన్ను కాదనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. నన్ను కళ్ళం మధ్యలో నిలబెట్టారు. చేతులు చాచమన్నారు. కుడి చేతి వేలి కొస దగ్గర మోకు కొస పట్టుకుని పెదనాన్న కూర్చున్నాడు. ఎడమ చేతి వేలి కొస దగ్గర మోకు బిగించి, అక్కడ సున్నంతో గుర్తు పెట్టే పని మామది. గుర్తు పెట్టాక ఆ గుర్తును పెదనాన్న చేతికి జరపాలి. మళ్ళీ కొత్త బార. ఇద్దరూ కలిసి కదిలితే తప్ప సాగని పని అది. ఇద్దరూ మాట్లాడుకోరు.

"ఆయన్ని వదలమనండి," అనేవాడు మామ, ఓడ తాతయ్యతో.

"ఆయన్ని బిగించమను," అనేవాడు పెదనాన్న, ఓడ తాతయ్యతోనే.

ఓడ తాతయ్య ఆ మాటలను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేరవేస్తూ పోయాడు. మొదట ముందుకొచ్చింది పై బజారు మోకు. ఇరవై దాటగానే మా వాళ్ళు ఈలలు వేశారు. ఇరవై ఆరు దగ్గర ఓడ తాతయ్య చెయ్యెత్తి చాలన్నాడు. ఇంకా కొంత తాడు మిగిలింది. ఇరవై ఒప్పుకుని ఇరవై ఆరు తెచ్చి, పైన ముక్క మిగిల్చామని పై బజారంతా పండగ. ఆ సందట్లో ఓడ తాతయ్య మిగులు ముక్కను కత్తితో కోసి పక్కన పెట్టినా ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత కింది బజారు మోకు. అప్పటికి నా చేతులు బరువెక్కాయి. భుజాల్లో నిప్పు పెట్టినట్టుంది. అయినా దించలేదు. ఊరంతా నన్నే చూస్తోంది. అమ్మ చూస్తోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. అటువాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాతి బార మధ్యలో నా రెండు చేతులూ వాటంతటవే వాలిపోసాగాయి.

"బావా, పట్టుకో! పిల్లోడి చెయ్యి పడిపోతోంది!"

మామ అరిచిన అరుపు అది. అరిచాడన్న సంగతి ఆయనకు తెలిసేలోపే పెదనాన్న లేచి నా కుడి మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. ఎడమ మోచేతి కింద మామ చెయ్యి అప్పటికే ఉంది.

"పట్టుకున్నాలే బావా. నువ్వు గుర్తు పెట్టు," అన్నాడు పెదనాన్న.

కళ్ళంలో ఎవరూ ఈల వేయలేదు. నేను గట్టు వైపు చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

మిగిలిన బారలు ఓడ తాతయ్య సహాయం లేకుండానే అయిపోయాయి. కింది బజారు మోకు ఇరవై నాలుగు వచ్చింది. "చూశారా! ఇరవై చాలంటే ఇరవై నాలుగు తెచ్చా!" అని మా మామ రొమ్ము విరుచుకుని అటూ ఇటూ తిరిగాడు. ఆ గర్వంలో తక్కువ పడిన రెండు బారలు ఆయనకు లెక్కే కాలేదు. ఓడ తాతయ్య కోసి పెట్టిన ముక్క తెచ్చాడు. అది సరిగ్గా రెండు బారలకు సరిపడా ఉంది, అతుకులో పోయే జానెడుతో సహా. రెండు తాళ్ళ కొసల పురి విప్పి, ఒకదాని పాయలను రెండో దాని పాయల్లోకి అల్లుతూ కూర్చున్నాడు. ముడి లేకుండా తాడుకు తాడు అతకడం మా ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. అల్లిన చోట పెదనాన్న ఒక వైపు, మామ ఒక వైపు పట్టుకుని లాగి చూశారు. కదల్లేదు.

నేను ఆయన పక్కన కూర్చుని నాకు పుట్టిన అనుమానం మెల్లగా అడిగాను. పెదనాన్న తాడు కోశాం కదా, అంటే తగ్గినట్టే కదా, మరి పై బజారువాళ్ళు ఎందుకు సంతోషంగా ఉన్నారని. ఆయన నవ్వి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఆ పొద్దున మోకుల వెంట నడిచి చూసినప్పుడే ఆయన లెక్క పూర్తయింది. రెండు మోకులను సమానం చేయడానికి ఒకదాన్ని ఎంత కోయాలో, రెండో దానికి ఎంత అతకాలో, నా చేతులు ఎంత పొడవో ఓడ మనిషి కంటితోనే కొలుచుకున్నాడు. తాడు తగ్గింది, లెక్క పెరిగింది. మనుషులు లెక్కను చూస్తారని ఆయనకు తెలుసు.

తర్వాత అల్లిక ఆపకుండానే ఆయన నాకు ఒక మాట చెప్పాడు. పాతకాలపు ఓడల మీద లోతు చూడటానికి తాడు కొసకు సీసం గుండు కట్టి నీళ్ళలోకి వదిలేవారట. గుండు అడుగున చిన్న గుంట చేసి అందులో కొవ్వు మెత్తేవారట. గుండు పైకి వస్తే ఆ కొవ్వుకు ఇసక అంటుకుందా, బురద అంటుకుందా అని చూసి కింద నేల ఎలాంటిదో చెప్పేవారట. తాడు పొడుగునా తోలు ముక్కలు, రకరకాల గుడ్డ పేలికలు గుర్తులుగా కట్టి ఉండేవట. చీకట్లో కూడా వేళ్ళతో తడిమి ఎన్ని బారలో చెప్పవచ్చు. ఆయన ఓడలో లోతు చూసే మిషను ఉన్నా, కళాసీలకు పెద్ద అయిన ముసలి సరంగు ఆ తాడు చుట్టను పక్కన పెట్టుకునే పడుకునేవాడట.

"ఆ బారను మా బందరు జాలరోళ్ళు బారే అంటారు. ఓడ మీద ఇంగ్లీషువాడు ఫాదమ్ అంటాడు," అన్నాడాయన. "ఫాదమ్ అంటే ఏందని మా సరంగును అడిగా. ఆయన మాట చెప్పలా. లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఇదే ఫాదమ్, అన్నాడు. కావలించుకోవాలంటే ఎంత చేతులు చాస్తావో అంత. ముందు కావలించుకోటం పుట్టింది రా అబ్బాయ్. కొలత తర్వాత వచ్చింది."

ఆ మాట నేను నమ్మలేదు. చెరువంత నోరున్న తిమింగలం కూడా ఆయన కథే మరి.

మధ్యాహ్నానికి ప్రభ మళ్ళీ లేచింది. రెండు వైపులా మనుషులు సమాన దూరంలో నిలబడి మోకులు బిగించారు. అది కొంచెం ఊగి, నిలబడింది. నిటారుగా. అద్దాలన్నీ ఒక్కసారి ఎండకు మెరిశాయి. పగిలిన అద్దం ఉన్న చోట మాత్రం చిన్న నల్లటి మచ్చ. ఊరంతా ఒక్క గొంతుతో శివయ్యను పిలిచింది. నేను మెడ వెనక్కి విరిచి చూస్తూ, పైన ఆ మోకు కట్టిన చోటును, అక్కడి నుంచి కిందికి దిగే ప్రతి సున్నం గుర్తును చూసుకున్నాను. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తు దాకా నేను. మళ్ళీ నేను. మళ్ళీ నేను.

మామ ఆ సాయంత్రం మా ఇంటి ముందు నుంచి వెళ్తూ అరుగు మీద కూర్చున్నాడు. దాహమేస్తోంది, మజ్జిగ ఉన్నాయా అని లోపలికి వినపడేలా అడిగాడు. అమ్మ పెద్ద చెంబు నిండా తెచ్చి ఇచ్చింది.  ఆయన తాగినంత సేపూ ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చెంబు ఖాళీ చేసి ఇచ్చి, "ఉప్పు సరిపోయింది చెల్లే," అని లేచి వెళ్ళాడు.

కొండకు పోయే బాటలో కాలువ వంతెన దగ్గర పక్కూరి ప్రభ ఎదురైంది. ఎవరి ప్రభ ఎంత ఎత్తు, ఎవరి మోకు ఎంత పొడవు అన్న మాటలు అక్కడ తప్పవు. వాళ్ళ పెద్ద గర్వంగా మా మోకు ఇరవై రెండు బారలన్నాడు. పెదనాన్నా మామా ఒకేసారి, ఒకే గొంతుతో, "మాది ఇరవై ఆరు," అన్నారు. పక్కూరివాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. పెదనాన్న మీసం తిప్పాడు. మామ నన్ను ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు. ఇరవై ఆరు ఎవరి బారలని వాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. వెనక ఓడ తాతయ్య మాత్రం దగ్గు తెచ్చుకుని చాలాసేపు దగ్గాడు.

ఆ తర్వాత రెండు బజార్లూ కలిసిపోయాయని నేను చెప్పను. అయిదేళ్ళకు మళ్ళీ ఎన్నికలు వచ్చాయి, మళ్ళీ తగువులు వచ్చాయి. కానీ మోకుల మీద మాత్రం తగువు రాలేదు. తిరునాళ్ళు కాగానే ఓడ తాతయ్య నన్ను మరోసారి నిలబెట్టి, నా బారకు సరిగ్గా ఒక వెదురు కర్ర కోసి, రెండు కొసలా అరిగిపోకుండా ఇనుప పొన్నులు తొడిగించాడు. పిల్లోడు రేపు పెరుగుతాడు, ఊరి బార పెరగకూడదు అన్నాడట. అప్పటి నుంచి ప్రభ మోకులన్నీ ఆ కర్రతోనే కొలుస్తున్నారు. తగువులున్న ఏళ్ళలో కూడా మా అమ్మ శివరాత్రికి ముందు పుట్టింటికి వెళ్ళి కర్రకు పూసే పసుపు తెచ్చేది. కర్రకు పసుపు కింది బజారు ఇంటి నుంచే రావాలని ఎవరు పెట్టారో తెలియదు. అమ్మే పెట్టి ఉంటుందని నా అనుమానం.

నేను ఇంజనీరింగ్ చదివి, సముద్రపు లోతు కొలిచే పనిలోకి వెళ్ళాను. మాది ఓడరేవుల దగ్గర పడవ మీద తిరుగుతూ, నీళ్ళలోకి శబ్దం పంపి, అది అడుగున తగిలి తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి లోతు లెక్కకట్టే పని. అంకెలన్నీ మీటర్లలో, పక్కన సెంటీమీటర్లతో వస్తాయి. ఒకరోజు ఆఫీసులో పాత సముద్ర పటం ఒకటి బల్ల మీద పరిచారు. దాని మూలన లోతులు ఫాదముల్లో ఉన్నాయని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు ఫాదమ్ అంటే ఎంత సార్ అని అడిగాడు. ఆరడుగులు, మీటర్లలో ఒకటి పాయింట్ ఎనిమిది రెండు ఎనిమిది ఎనిమిది అని చెప్పాను. చెప్పేశాక నాకు ఓడ తాతయ్య అల్లిక గుర్తొచ్చింది. ఆ రాత్రే ఆ మాట పుట్టుక వెతికాను.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంగ్లీషు పాత రూపంలో ఆ మాటకు మొదటి అర్థం చాచిన రెండు చేతులు, ఆ చేతుల్లోకి తీసుకోవడం. ఆ చేతుల మధ్య దూరమే తర్వాత తాడుకూ నీళ్ళ లోతుకూ కొలత అయింది. ఇంకా తర్వాత అదే మాటకు ఒక విషయం లోతు తెలుసుకోవడం, దాన్ని అర్థం చేసుకోవడం అనే అర్థం కూడా వచ్చింది. కావలించుకోవడం, కొలవడం, అర్థం చేసుకోవడం. ఈ వరుస ఏ పాఠంలోనూ నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికే ఓడ తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తిమింగలం నోరు కూడా నిజమే అయి ఉంటుందని ఆ రోజు నుంచి నమ్ముతున్నాను.

మొన్న శివరాత్రికి ఊరు వెళ్ళాను. కళ్ళంలో కుర్రవాళ్ళు కొత్త నైలాను మోకును ఆ కర్రతోనే కొలుస్తున్నారు. బార అంటే ఆరడుగులు కదా, ఈ కర్ర ఇంత పొట్టిగా ఉందేందని ఒక అమ్మాయి అడిగింది. "మన ఊరి బార ఇంతే," అన్నాడు కొలుస్తున్నవాడు, ఎంతో గర్వంగా. అది ఎవరిదో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. కర్ర ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుని, చేతులు చాచి, నా ఎడమ నడిమివేలి కొసకు దాని ఒక కొస ఆనించాను. రెండో కొస నా కుడి మోచేతి దగ్గర ఆగింది. అంటే ఆనాటికీ ఈనాటికీ నేను పెరిగింది సరిగ్గా ఒక మూర. మిగతా మూడు మూరలూ ఆ రోజు కళ్ళంలో నిలబడినవే.

కర్ర తిరిగి ఇచ్చేశాను. చేతులు మాత్రం ఇంకొంచెం సేపు అలాగే ఉంచాను. పడవ మీద కూడా అంతే. తెర మీద లోతు కనిపించగానే, కాగితం మీద వేసే ముందు, తెలియకుండానే నా చేతులు కొంచెం విచ్చుకుంటాయి. తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. అలా చాచిన ప్రతిసారీ నా కుడి మోచేతి కింద ఒక పెద్ద అరచెయ్యి, ఎడమ మోచేతి కింద ఒక పొట్టి గట్టి అరచెయ్యి వచ్చి ఆనుతాయి. రెండు చేతులూ ఇక కిందికి పడవు.